మూత తెఱచిన చేతిఫోను



ప్రోగ్రాములు వ్రాయువారి కొఱకై చేసిన చేతిఫోనును గూర్చి నేను మాటాడబోవుచున్నానని వినినప్పుడు మీలో కొందఱు నవ్వుకొనియుందురు. డెబ్బదియేండ్లు దాటినవాడు, హిందూపురపు అంగడిలో చింతపండు బేరమాడుట తప్ప వేఱు యంత్రవిద్య యెఱుగనివాడు, దీనిని గూర్చి యేమి చెప్పగలడు? నేనును మొదట అట్లే తలచితిని. కాని యా ఫోనును నా చేతులతో విప్పి, అందొక తప్పుచేసి, ఆ తప్పునకు ఫలమనుభవించిన పిమ్మట, చెప్పదగిన సంగతులు కొన్ని నాకును దొరకినవి.

నా చిన్నతనమున మా యింట నొక రేడియో పెట్టె యుండెడిది. దాని వెనుకమూత లోపలివైపున తీగెల పటమొకటి అంటించియుండిరి. ఏ దీపము ఎచట నుండవలెనో, ఏ తీగె దేనికి పోవునో అందు గీచియుండెను. పెట్టె మూగవోయినప్పుడు ధర్మవరమునుండి రిపేరుచేయువాడు వచ్చి, మూత తీసి, పటము చూచి, టంకము వేసి, మాటాడించి పోయెడివాడు. ఇప్పుడు మీ చొక్కాజేబులోని ఫోనును త్రిప్పి చూడుడు. దానికి తీయుటకు మూతయే లేదు, జిగురుతో అతికించినారు. లోపల పటమును లేదు. అంతకన్న పెద్ద సంగతి యేమనగా, ఆ ఫోనును నడిపించు ఆజ్ఞల పుస్తకము, అనగా సోర్సు కోడు అనబడునది, మనకు చూపరు.

ఆజ్ఞల పుస్తకమన నేమి యని మీరడుగుదురు. ధర్మవరమున పట్టుచీర నేయు మగ్గమును చూచినవారికి దీనిని తెలుపుట సులువు. మగ్గముపైన జకార్డు పెట్టె యుండును. దానికి రంధ్రములు పొడిచిన అట్టలు వరుసగా కుట్టి వ్రేలాడదీసియుందురు. రంధ్రమున్నచోట కొక్కెము లేచును, లేనిచోట లేవదు. అట్టవెంట అట్ట తిరుగుచుండగా కొంగుమీద నెమలియో, మామిడిపిందెయో తనంతట తానే వచ్చినట్లు వచ్చును. ఫ్రాన్సు దేశమున లియోన్ పట్టణపు జకార్డు అనువాడు 1804లో కుదిర్చిన యేర్పాటిది. తరువాత ఇంగ్లండున బాబేజి పండితుడు లెక్కలు చేయు యంత్రము నూహించినప్పుడు ఈ అట్టలనే ఎరువు తెచ్చుకొనెను. కావున కంప్యూటరునకు మగ్గము పెద్దక్క యనిన తప్పులేదు.

ఇప్పుడొక అట్టలో రంధ్రము తప్పుగా పడినదనుకొనుడు. నెమలి ముక్కు వంకర పోవును. ఒక్కచోట గాదు, ఆ పువ్వు తిరిగి వచ్చిన ప్రతిచోటను పోవును. నేతగాడేమి చేయును? అట్టల వరుస విప్పి, ఎన్నవ అట్టయో లెక్కించి, ఆ రంధ్రమును మూసి, సరియైనచోట మఱియొకటి పొడుచును. అట్టలన్నియు ఒక యినుపపెట్టెలో పెట్టి తాళమువేసి, తాళపుచెవిని వేఱొక దేశమున నుంచినచో, వంకర ముక్కు నెమలులనే నేయుచు కూర్చుండవలసినదే. మన ఫోనుల స్థితి చాలవఱకు ఇట్టిది.

దీనిని సహింపని కొందఱు అమెరికాలోను, ఐరోపాలోను బయలుదేరిరి. రిచర్డు స్టాల్మన్ అనువాడు 1983లో, ఎవరైనను చదువుటకు, మార్చుటకు, పంచుటకు వీలైన కంప్యూటరు వ్యవస్థను వ్రాయుదునని ప్రకటించెను. 1991లో ఫిన్లండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ లైనక్సు అను కీలకభాగమును వ్రాసి లోకమునకు వదలెను. తెలుగునాట హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు ఆ లైనక్సునకే తెనుగు ముఖము తొడిగిరి. మీ ఆండ్రాయిడు ఫోను అడుగున నున్నదియు ఈ లైనక్సే. మఱి చిక్కెక్కడనన్న, దానిపై ఫోను చేయు కంపెనీవారు తమ మూసిన భాగములను చేర్చి, పైన తాళము బిగింతురు. పునాది ఊరుమ్మడి, తలుపు వారి సొంతము.

నాకీ తాళము బాధ అనుభవముచేత తెలిసినది. ఒకానొక కంపెనీ ఫోనును కొంటిని, పేరు చెప్పను. మూడేండ్లు కాకమునుపే దానికి భద్రతకై పంపవలసిన సవరణలను మానుకొనిరి. అద్దము పగులలేదు, బ్యాటరీ చావలేదు. అయినను బ్యాంకువారి ప్రోగ్రాము, ఈ ఫోను పాతబడినది, ఇందు నేను నడువను అనెను. చక్కగా నున్న ఎద్దును ముసలిదని సంతకు తోలినట్లు దానిని విడువవలసివచ్చినది. బోరుబావి స్టార్టరు కాలినచో మన రైతు నాలుగు మరలు విప్పి తానే చూచుకొనును. మొబైల్ స్టార్టరు వచ్చిన తరువాతగూడ పెట్టె మూత తీయుట మానలేదు. ఫోను విషయమున మాత్రమే చేతులు కట్టుకొని కూర్చుండుట నేర్చితిమి.

పూర్తిగా మూత తెఱచిన ఫోనును చేయ పూనుకొన్నవారిలో మొదటివారుగా తైవాను దేశపు ఓపెన్‌మోకో వారిని చెప్పుదురు. 2007 జూలైలో నియో 1973 అను ఫోనును ప్రోగ్రాములు వ్రాయువారికి అమ్మిరి. ఆ అంకె యెందులకన, మోటరోలా కంపెనీ ఇంజనీరు మార్టిన్ కూపరు న్యూయార్కు వీధిలో నిలిచి చేతిఫోనుతో మొదటిసారి మాటాడినది 1973 ఏప్రిలు 3వ తేది. మఱుసంవత్సరము ఫ్రీరన్నరు అను రెండవ ఫోను వచ్చినది. దానితో మాటాడునప్పుడు అవతలివారికి మాటవెంట ఝుమ్మను రొద వినబడెడిది. కొన్నవారే పలకపై ఒక కెపాసిటరును టంకము వేసికొని రొద మాన్పుకొనిరి. మూసిన ఫోనులో నీ పని జరుగునా? అయినను వ్యాపారము సాగలేదు. 2009లో ఓపెన్‌మోకో వారు ఫోనుల పని చాలించిరి.

మన దేశమునకు ఈ గాలి 2014లో తాకినది. మొజిల్లా వారి ఫైరుఫాక్సు వ్యవస్థతో ఇంటెక్సు కంపెనీవారు రెండువేల రూపాయలకు లోబడి యొక ఫోనును ఆ ఆగస్టులో అమ్మిరి. అదియు నిలువలేదు. కాని దాని సోర్సును తీసికొని కైఓఎస్ అను వ్యవస్థను మఱికొందఱు చేయగా, 2017లో జియోఫోను రూపమున అది మన పల్లెలన్నిట దిగినది. మీ చేతిలో నంకెల బొత్తాములతో నాడిన యా చిన్నఫోనునకు మూలము తెఱచిన పుస్తకమే. చిత్రమేమన, మనకు చేరునప్పటికి అదియు తాళమువేసియే చేరినది.

ఇక నా కథకు వచ్చెదను. మా తమ్ముని మనుమడు బెంగుళూరులో చదువుచున్నాడు. మొన్న సెలవులకు హిందూపురమున రైలు దిగి, చేతులు మారిన యొక పైన్‌ఫోనును తెచ్చెను. హాంగుకాంగు కేంద్రముగా నున్న పైన్64 వారు 2020 జనవరిలో తొలి విడత పంపిన జాతి ఫోను ఇది. ఆ మొదటి విడతలో వాడుకకు వ్యవస్థ యేదియు వేయకయే యిచ్చిరట, కొన్నవాడే వేసికొనవలెను. విత్తనము మీది, దుక్కి మీది, చేను మాత్రము మాది యన్నట్లు! అప్పటి ధర నూటయేబది డాలర్లు. రెండు జీబీల జ్ఞాపకము, పదునాఱు జీబీల నిలువ. నేటి ఫోనుల ప్రక్కన పేదది.

"తాతా, మూత నీవే తీయుము" అని నా చేతికిచ్చెను. క్రింది మూలనున్న నొక్కులో గోరు పెట్టి లేపగా టక్కున వచ్చినది. నాకు వెంటనే మా పాత రేడియో గుఱుతు వచ్చినది.

తొలి మెట్లు ఎట్టివో చెప్పెదను. మీ మనుమలు తెచ్చినచో మీకును పనికివచ్చును. మొదట బ్యాటరీని బయటికి తీయవలెను. క్రొత్త ఫోనైనచో బ్యాటరీకిని ఫోనునకును నడుమ సన్నని పొర యొకటి అడ్డముగా నుండును. దానిని తీయనిదే కరెంటు పాఱదు. ఆ పొరను చూడక ఫోను చచ్చినదని తలచువారు గలరట. సిమ్మును క్రింది అఱలోను, మెమరీ కార్డును పై అఱలోను పెట్టవలెను. ఇప్పటి సిమ్ములు చిన్నవి గనుక చుట్టు ఒక చట్రము కావలెను. వట్టి చట్రమును ఎన్నడును దూర్చరాదు. లోపలి సన్నని సూదులు తగులుకొని విఱుగును.

బ్యాటరీ పైభాగమున ఆఱు చిన్న మీటలు వరుసగా గలవు. నాకు మిక్కిలి నచ్చినవి యివి. ఒకటి సిమ్ము పనిచేయు భాగమును, ఒకటి వైఫైని, ఒకటి మైకును, రెండు మీటలు వెనుక ముందు కెమెరాలను నిజముగా తెంచివేయును. తెరమీద బొమ్మను నొక్కి ఆపినట్లు గాదు. ఇంటి మెయిను దించినట్లు. ఆఱవ మీట వలన చెవిగొట్టము పెట్టు రంధ్రమే కంప్యూటరుతో మాటాడు ద్వారమగును. తెర చీకటియైనప్పుడు లోపలి రోగము తెలియుటకు ప్రోగ్రాములు వ్రాయువారికి అది నాడి వంటిది.

తరువాత వ్యవస్థను వేయుట. కంప్యూటరులో దాని ఫైలును దింపుకొనవలెను. ఫైలుతోపాటు అఱువదినాలుగు అక్షరములుగల గుఱుతు నొకదానిని ప్రకటింతురు. మనము దింపిన ఫైలునకు కంప్యూటరుచేత అదే గుఱుతు కట్టించి, రెండును అక్షరమక్షరము సరిపోల్చవలెను. బెల్లపుదిమ్మెను అంగడిలో తూచినది చాలక ఇంట మఱల తూచినట్లు. ఒక్క యక్షరము మాఱినను ఆ ఫైలును పాఱవేయవలసినదే. సరిపోయిన ఫైలును మెమరీ కార్డుపై వ్రాయించి, కార్డును ఫోనులో పెట్టి బొత్తాము నొక్కవలెను. ఈ ఫోను మొదట కార్డును చూచును. అందు వ్యవస్థ లేనిచో లోపలి నిలువను చూచును. కావున కార్డుపై వేసినది చెడినను భయము లేదు. కార్డు తీసినచో పాతది మఱల లేచును. నేర్చుకొనువానికి ఇంతకన్న దయగల గురువు దొరకడు.

కాని కార్డుపై వ్రాయించు ఆ ఘట్టముననే నేను తప్పుచేసితిని. మా యింటామె గతించి అయిదేండ్లయినది. ఆమె పాడిన మంగళహారతులు, పెండ్లిపాటలు పదునొకండు ఒక పెన్‌డ్రైవులో నుండెను. ఏదో ఫోటో చూపుటకు దానిని కంప్యూటరునకు తగిలించి మఱచితిని. పిల్లవాడు, "తాతా, 32 జీబీ అని యున్నదానిని ఎంచి నొక్కుము" అనెను. కార్డును 32, పెన్‌డ్రైవును 32. నేను నొక్కితిని. వ్రాయుట ముగియువఱకు ఇద్దఱమును వేరుసెనగకాయలు ఒలుచుకొని తినుచు కూర్చుంటిమి. కార్డు పెట్టిన ఫోను లేవకపోవుటచే చూచుకొనగా సంగతి తెలిసినది.

పిల్లవాడు తెల్లబోయెను. వానిని కోపగించుకొనుటకు నాకు నోరు రాలేదు. నొక్కినది నా వ్రేలు. ఆ రాత్రి వాడు నిద్రపోలేదు. ఫోటోరెక్ అను తెఱచిన ప్రోగ్రామొకటి గలదట. చెఱిపివేసిన నిలువలో, పైన క్రొత్తది వ్రాయబడని చోట్ల, పాత ఫైళ్ల తలలు వెదకి పట్టుకొనునట. తెల్లవాఱునప్పటికి నాలుగు పాటలు దొరకినవి. తక్కిన ఏడింటిమీద క్రొత్త వ్యవస్థ వ్రాయబడినది. అవి మఱల రావు. దొరకిన నాలుగింటిలో నొకటి తలుపుదగ్గఱి పాట. వాడు దానిని వినిపించి, "జేజి గొంతు ఇట్లుండెడిదా తాతా" అని యడిగెను. వాడు పుట్టినతరువాత ఆమె పాడుట తగ్గించినది.

అందువలన ఈ మెట్టును గూర్చి రెండుమాఱులు చెప్పుచున్నాను. వ్రాయుటకు ముందు కంప్యూటరునుండి తక్కిన పెన్‌డ్రైవులు, కార్డులు, డిస్కులు అన్నియు తీసివేయుడు. పరిమాణము చూచి ఎంచవలదు. ముఖ్యమైన పాటలు, భూమిపత్రముల నకళ్లు రెండుచోట్ల నుంచుడు. మామూలు ఆండ్రాయిడు ఫోనుల తాళము తీయదలచినవారును ఎఱుగవలసినదేమనగా, ఆ తాళము తీసినతోడనే ఫోనులోనిదంతయు చెఱిగిపోవును. అది దొంగలనుండి రక్షించుటకు బుద్ధిపూర్వకముగా పెట్టిన యేర్పాటు. మఱియు, తెలియనివాడెవడైనను ఫోనులో పలుకరించి, అమరికలలోనికి పోయి ఫలానాది ఏడుమాఱులు తట్టుము అనినచో, పెట్టివేయుడు. అది ప్రోగ్రాములు వ్రాయువారి ద్వారము. మోసగాండ్రకును ఆ ద్వారము తెలియును.

మఱునాడు సరియైన కార్డుపై వ్రాసి పెట్టగా ఫోను లేచినది. మేము వేసిన వ్యవస్థకు తొలి తాళపు అంకె 1234. దానిని వెంటనే మార్చితిమి. మా యింటి సిమ్ము బి.ఎస్.ఎన్.ఎల్. వారిది గనుక మాట వెంటనే కలిసినది. జియో వారికి పాత రెండవతరము, మూడవతరము తరంగములు లేవు; మాటయు నాలుగవతరము మీదనే పోవలెను. దానికి ఫోనులో ప్రత్యేకపు ఏర్పాటు కావలెను. అది కుదరనిచో ఇంటర్నెట్టు వచ్చును గాని మాట రాదు. పెనుకొండ కొండక్రింద నిలిచి పరీక్షించుచు మేము రెండు గంటలు గడపితిమి. పూర్వము విజయనగర రాజులు తళ్లికోట యుద్ధము తరువాత వచ్చి తలదాచుకొన్న యా దుర్గము మాకును కొంత నీడనిచ్చినది.

దోషములను దాచను. ఉదయము నింపిన బ్యాటరీ మా చేతిలో సాయంకాలమునకు నిలువలేదు. మన బ్యాంకుల ప్రోగ్రాములు, యూపీఐ ప్రోగ్రాములు ఆండ్రాయిడునకును ఐఫోనునకును వ్రాసినవి. వానిని దీనియందు నమ్ముకొనరాదు. పింఛను, పంటబీమా, గ్యాసు బుకింగు, ఆధారు అంకెల సందేశము, అన్నియు ఒక్క ఫోనుమీద నడచు ఇంటివారు ఆ ఫోనును ఇట్టి పరీక్షలకు ఇయ్యవలదు. ఆపదలో 108కి పిలువవలసిన ఫోను వేఱుగా నుండవలెను. ఇది నేర్చుకొను పిల్లవాని పలక. ఇంటి బీరువా తాళపుచెవి గాదు. నా మట్టుకు నేను ఇప్పటికిని మామూలు ఫోనునే జేబులో పెట్టుకొని తిరుగుచున్నాను.

అట్లయిన దీనివలన మనకేమి యని హిందూపురము మిత్రుడొకడు అడిగెను. వానికి నేను 2018 నాటి సంగతి చెప్పితిని. ఆ సంవత్సరము ఫిబ్రవరిలో ఆపిలు కంపెనీ ఐఫోనులు లోకమంతట కూలినవి. కారణము మన తెనుగక్షరము! జ, దానిక్రింద ఞ, తరువాత కంటికి కనబడని సంజ్ఞ యొకటి, ఆపైన దీర్ఘము, ఈ వరుస సందేశములో వచ్చినచో దానిని గీయలేక ప్రోగ్రాము ప్రాణము విడిచెడిది. జ్ఞానము అను మాటలోని యక్షరమే అది. పత్రికలవారు దానిని ఫోనులను చంపు అక్షరమనిరి. సిగ్గుపడవలసినది అక్షరము గాదని నా యభిప్రాయము. ఆ నెల 19వ తేదిని ఆపిలువారు సవరణ పంపిరి. అంతవఱకు కోట్లకొలది తెలుగువారిలో, ఆ యక్షరమును అయిదేండ్లప్రాయముననే దిద్దినవారిలో, ఒక్కరికిని ఆ తప్పును తెఱచి చూచు హక్కు లేకపోయెను. అట్టలు ఇనుపపెట్టెలో నున్నవి గదా.

లైనక్సునందును, ఆండ్రాయిడునందును అక్షరములను ఇట్లు కూర్చుపని హార్ఫ్‌బజ్ అను ప్రోగ్రాముది. అది పారసీక పదము. తెఱచిన యక్షరమని యర్థమట. దానియందును తప్పులుండవచ్చును. కాని దానిని ఎవరైన చదువవచ్చును, తప్పును చూపవచ్చును, దిద్ది పంపవచ్చును. తెనుగు అచ్చులకును ఇట్టి ఔదార్యమే తోడైనది: తిరుమల కృష్ణదేశికాచార్యులవారు పోతన, వేమన అను పేర్లతో అక్షరరూపములను గీచి అందఱి వాడుకకు వదలిరి.

ప్రోగ్రాము వ్రాయుట రానివానికిని ఇందు పని గలదని ఆ సెలవులలోనే నాకు తెలిసినది. ఫోను తెరపై కనబడు తెనుగు మాటలన్నియు ఒక ఫైలులో నుండును. ఆంగ్లపు మాట ఒక వరుసలో, దానిక్రింద తెనుగు వరుస. పిల్లవాడు ఆ ఫైలును విప్పి చూపగా నేను కంటద్దములు తుడుచుకొని చదువుచు పోతిని. ఒకచోట, చేయబోవు పనిని మానుటకును, చేసిన పనిని వెనుకకు త్రిప్పుటకును ఒక్కటే మాట వ్రాసియుండిరి: రద్దుచేయి. రెండును ఒకటి యెట్లగును? నేయకుండుట వేఱు, నేసినది విప్పుట వేఱు. ధర్మవరపు నేతగానినెవని నడిగినను చెప్పును. చేసినదానిని వెనుకకు త్రిప్పుటకు "విప్పు" అను మాట చాలునని నేననగా, పిల్లవాడు ఆ యొక్క వరుసను మార్చి, ఫోనులో వేసి చూపెను. తెరమీద నా మాట కనబడినది. డెబ్బదియేండ్లలో నేను వ్రాసిన మాట ఒక యంత్రముమీద వెలుగుట అదే మొదలు.

ఆ సవరణను, కారణము నాలుగు వాక్యములలో వ్రాసి, తెనుగు అనువాదములు చూచువారికి పంపితిమి. పంపి పదునెనిమిది దినములైనది, జవాబింకను రాలేదు. వారును జీతము లేక, తీరిక దొరకినప్పుడు పనిచేయువారే యట. పిల్లవాడు ఉగాదికి మఱల వచ్చును. ఆ ఫైలులో చదువవలసిన వరుసలింకను వేయికి పైగా నున్నవి. తెనుగు చక్కగా నెఱిగిన పెద్దలెవరైన వచ్చి కూర్చుందురేని మా యింటి యరుగు చాలును. పెన్‌డ్రైవులు మాత్రము ఇంట విడిచి రండు.